ఉత్సాహం ఫిడేలు కొనిపించింది, నియమం వాయింపజేసింది

ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, నలభై ఏళ్లు దాటిన తరువాత ఫిడేలు పట్టి, కనీసం ఒక ఆది తాళ వర్ణాన్ని రెండు కాలాల్లోనూ నిలకడగా వాయించగలగాలన్నది నేను పెట్టుకున్న లక్ష్యం. వర్ణమంటే రాగం స్వరూపాన్ని చూపే సాధన రచన, ఆది తాళం ఎనిమిది అక్షరాలది, అంటే ఎనిమిది లెక్కలది, రెండు కాలాలంటే మామూలు వేగం, దాని రెట్టింపు వేగం. సంగీతం తెలిసినవారికి ఇది తొలి మెట్లలో ఒకటి. చిన్నతనంలో మొదలుపెట్టిన పిల్లలు కొన్నేళ్లలోనే దానిని దాటిపోతారు. విశాఖపట్నంలో ఒక బ్యాంకు శాఖలో పని చేస్తూ, పొద్దున తొమ్మిదింటికి బయలుదేరి రాత్రి ఏడు దాటాక ఇల్లు చేరే నాకు మాత్రం అది చాలా దూరపు గమ్యం. ఆ దారిలో ఉత్సాహం నా చేత చేయించిన పనులేమిటో, నియమం చేయించిన పనులేమిటో ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఈ రెండింటి గురించి చెప్పేవారు సాధారణంగా ఒకదానిని పొగిడి రెండవదానిని తక్కువ చేస్తారు. నా అనుభవంలో వాటి పనులు వేరు, అవి అక్కరకు వచ్చే వేళలూ వేరు.

ఉత్తరాంధ్రలో పుట్టినవారికి ఫిడేలు మీద ఒక ప్రత్యేకమైన అభిమానం ఉంటుంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు హరికథకు పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు వాద్యం విని, ఆయనను ఏకంగా ఆచార్యులుగా తీసుకున్నారని మా వైపు పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ నాయుడు గారే 1936లో కళాశాల అధ్యక్షులయ్యారు. మా నాన్నగారు ఆకాశవాణిలో ఆయన పాత రికార్డింగులు వస్తున్నాయంటే ఇంట్లో ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. ఆ వాద్యం చెవిలో అలా ఉండిపోయిందే తప్ప, నేను నేర్చుకోవడమనే ఆలోచన చాలా ఏళ్లు రాలేదు. విశాఖలోని కళాభారతి సభామందిరంలో ఒక సాయంత్రం ఫిడేలు కచేరీ విని ఇంటికి వచ్చిన రాత్రి ఆ కోరిక మొదటిసారిగా పైకి వచ్చింది. ఆ తరువాతి విజయదశమికి ఫిడేలు కొన్నాను, గురువు గారిని వెతుక్కున్నాను, పాఠం మొదలుపెట్టాను.

ఉత్సాహం చేసిన ఈ పనిని నేను ఏనాడూ చిన్నదిగా అనుకోలేదు. ఈ వయసులో ఏం సంగీతమని బంధువులు అంటారన్న సంకోచాన్ని దాటించింది అదే. అన్ని విద్యల్లోనూ ఫిడేలే కావాలని తేల్చి చెప్పింది కూడా అదే. విజయనగరంలో చదువుకుని, ఉద్యోగ విరమణ తరువాత ఇంటి దగ్గరే కొద్దిమందికి నేర్పుతున్న మా గురువు గారు మొదట నన్ను చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. "పిల్లలకైతే వేళ్లు వంగుతాయమ్మా, మీకు ఓపిక చాలా కావాలి" అన్నారు. ఆయన గుమ్మం ముందు నిలబడి మళ్లీ మళ్లీ అడిగేంత పట్టుదల నాకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ కచేరీ రాత్రి పుట్టిన ఉత్సాహం నుంచే వచ్చింది. నియమానికి అలాంటి శక్తి లేదు. ఏది నేర్చుకోవాలో నియమం చెప్పదు.

అయితే ఫిడేలు స్వభావం ఎటువంటిదంటే, ఉత్సాహానికి కావలసిన ఆహారం అది చాలాకాలం పెట్టదు. వీణకు మెట్లు ఉంటాయి, హార్మోనియానికి మీటలు ఉంటాయి, వాటి మీద వేలు సరైన చోట పెడితే స్వరం తనంత తాను పలుకుతుంది. ఫిడేలుకు అటువంటి ఆధారం ఏదీ లేదు. ఒక చివర ఎడమ భుజానికి, గుండెకు ఆనించి, రెండో చివర కుడి పాదం మీద నిలిపి కూర్చుంటాము. స, ప, స, ప అని శ్రుతి చేసిన నాలుగు తీగెల మీద వేలు ఎక్కడ ఆగాలో చెవి తప్ప మరొకటి చెప్పదు. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠం మొదలవుతుంది. షడ్జం కోసం తీగెను ఖాళీగా మోగించి, ఆ వెంటనే చూపుడు వేలిని, తీగెలు బిగించే బిరడాల వైపు చివరిలో, తీగె మీద ఆనించి శుద్ధ రిషభం, అంటే రెండో స్వరమైన 'రి', పలికించాలి. ఆ వేలు వెంట్రుకవాసి ముందుకు జరిగినా తంబురాతో కలవదు. రెండో చేతిలో కమాను ఒకే ఒత్తిడితో సాగకపోతే, సరిగ్గా పడిన స్వరం కూడా గరగరమంటుంది. స రి గ మ ప ద ని స అన్న ఎనిమిది స్వరాలు ఒక మోస్తరుగా వినపడడానికి నాకు చాలా నెలలు పట్టింది. కచేరీలో విన్న నాదాన్ని మనసులో పెట్టుకుని ఫిడేలు ముందు కూర్చున్న ప్రతిసారీ, ఆ నాదానికీ నా చేతి కింద పుడుతున్న చప్పుడుకూ ఉన్న అంతరం ముందుగా ఉత్సాహాన్నే దెబ్బ తీసింది. ఫలితం కళ్ల ముందు కనపడుతూ ఉంటే పెరిగే గుణం దానిది. ఫలితం ఆలస్యమయ్యే విద్యలో అది ఆలస్యమైనంత కాలం నిలవలేదు.

ఆ మొదటి ఏడాది నా సాధన ఉత్సాహం వెంబడే నడిచింది. కచేరీ విన్న మరునాడు రెండు గంటలు కూర్చునేదాన్ని, ఆదివారం మధ్యాహ్నం భుజం నొప్పి పుట్టేదాకా వాయించేదాన్ని. వారం మధ్యలో ఫిడేలు పెట్టెలోనే ఉండేది. మాఘంలో పెళ్లిళ్లు వచ్చాయి, మార్చి ఆఖరులో బ్యాంకు లెక్కల ముగింపు వచ్చింది, ఏప్రిల్ నాటికి వేలి చివర గట్టిపడిన చర్మం మళ్లీ మెత్తబడింది. విశాఖ గాలిలోని తేమకు తీగె మీద సన్నని తుప్పు కూడా పట్టింది. పాఠం అప్పజెప్పడానికి వెళ్లినప్పుడు గురువు గారు కోప్పడలేదు. ఎంతసేపు వాయిస్తున్నారని కూడా అడగలేదు. "ఏ వేళకు కూర్చుంటున్నారమ్మా?" అని అడిగారు. వీలు దొరికినప్పుడు అన్నాను. "వీలు దొరకదు. వేళ పెట్టుకోవాలి" అన్నారు.

ఆ రోజు ఆయన నాకు పెట్టిన నియమం చాలా చిన్నది. పొద్దున స్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టిన వెంటనే, మరో పని ముట్టుకోకుండా ఫిడేలు ఒళ్లోకి తీసుకోవాలి. తంబురా శ్రుతి పెట్టుకుని, వేళ్లు ఆనించకుండా, ఖాళీ తీగెల మీద కమానును మొదలు నుంచి చివరి దాకా నిదానంగా లాగాలి. తరువాత ఒక సరళి వరుసను, అంటే స్వరాలను వరుసగా పలికించే తొలి పాఠాల్లో ఒకదానిని, మొదటి కాలంలో ఒక్కసారి వాయించాలి. అంతటితో లేచిపోయినా ఆ రోజు సాధన జరిగినట్టే లెక్క. ఇంకా వాయించాలనిపిస్తే వాయించవచ్చు. అంత తక్కువ చేస్తే ఎప్పటికి వస్తుందని నాకు అనుమానం కలిగింది. "ఎంతసేపు అన్నది తరువాత చూద్దాం, ముందు రోజూ కూర్చోవడం రానివ్వండి" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఫిడేలును పెట్టెలో పెట్టి బీరువా మీద దాచవద్దన్నారు. దేవుడి గది పక్కన ఒక చెక్క బల్ల మీద, పైన పలచని నూలుగుడ్డ కప్పి ఉంచమన్నారు.

ఈ చివరి మాట విలువ చేసి చూస్తేనే తెలిసింది. పెట్టె దింపాలి, తెరవాలి, కమాను మర బిగించాలి, దాని వెంట్రుకలకు రోజన్ అనే గట్టి జిగురు రాయాలి, జారిన బిరడాలు తిప్పి శ్రుతి చేయాలి. ఒక్కొక్కటి చిన్న పనే అయినా, తెల్లవారుజామున అవన్నీ కలిసి ఈ పూటకు వద్దులే అనిపించేవి. ఫిడేలు బయట ఉన్నప్పుడు గుడ్డ తీయడమొక్కటే మొదటి పని. కమాను మర మాత్రం వాయించాక వదులు చేయక తప్పదు, లేకపోతే కర్ర వంపు చెడుతుంది. శ్రుతి కూడా రోజూ సరి చేసుకోవలసిందే. అయినా ముందున్న ఆటంకాల్లో సగం తొలగిపోయాయి. నియమమంటే మనసును బలవంతంగా లొంగదీయడమని అప్పటిదాకా నాకున్న అభిప్రాయం ఆ బల్లతోనే మారడం మొదలైంది. రాత్రి చేసి పెట్టుకున్న ఏర్పాటు పొద్దున మనసుతో వాదించవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది. కూర్చోవాలా వద్దా అన్న ప్రశ్న రోజూ పుడుతూ ఉంటే, ఏదో ఒక రోజు వద్దు అన్న జవాబు వచ్చి తీరుతుంది. దీపం వెలిగాక ఆ ప్రశ్నకు చోటు లేదు.

మా అమ్మాయి డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. నా పొద్దుటి నియమాన్ని కొన్నాళ్లు గమనించి, తన పాఠాల్లో ఉన్న పరిశోధనల గురించి చెప్పింది. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తానని ముందుగా నిర్ణయించుకున్నవారు, ఊరికే చేయాలని సంకల్పించినవారికంటే ఆ పని పూర్తి చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో వివరించారట. దీపం పెట్టగానే ఫిడేలు తీయమన్న మా గురువు గారి మాట సరిగ్గా అటువంటిదే. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని పరిశీలించి, కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని తేల్చింది. ఆ సగటు కంటే నాకు ముఖ్యమనిపించినది వారి లెక్కల్లోని వ్యత్యాసం. కొందరికి 18 రోజులే సరిపోగా, మరికొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని వారి అంచనా. కాబట్టి ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందని అందరూ చెప్పే మాట నమ్మి, అప్పటికి పడకపోతే తనలో లోపముందనుకుని మానుకోవడం అన్యాయం. ఇంకొకటి, జర్మనీలో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం బెర్లిన్ సంగీత విద్యాలయంలోని ఫిడేలు విద్యార్థులను పరిశీలించి 1993లో ఒక ప్రసిద్ధమైన వ్యాసం ప్రచురించింది. ఒంటరిగా చేసే సాధనే తమ ఎదుగుదలకు అన్నిటికంటే ముఖ్యమని ఆ విద్యార్థులు చెప్పారు. అదే సాధనను ఎంత ఆనందంగా ఉంటుందని అడిగితే మాత్రం దానికి ప్రత్యేకమైన స్థానమేమీ ఇవ్వలేదు. ఈ ఒక్క సంగతి నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. కచేరీలు చేయబోయే స్థాయి వారికే పొద్దుటి సాధన పండుగలా ఉండదంటే, నాకు సరళి వరుసలు విసుగనిపించడం నాకు సంగీతం మీద ప్రేమ లేదనడానికి నిదర్శనం కాదు.

నియమం కుదిరిన తరువాత నేను అనుకోని మార్పు ఒకటి వచ్చింది. అంతకుముందు ఉత్సాహం కలిగితే కూర్చునేదాన్ని. ఇప్పుడు కూర్చున్న కాసేపటికి ఉత్సాహం వస్తోంది. నిద్ర మత్తు వదలకుండానే కమాను లాగడం మొదలుపెడతాను. నాలుగైదు సార్లు లాగేసరికి కింది పంచమం తంబురాతో కలిసి గదంతా నిండుతుంది. ఆ నాదం చెవిన పడగానే భుజం సర్దుకుంటుంది, వీపు నిటారవుతుంది, ఒక్క వరుసతో లేవాలనుకున్నదాన్ని, ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికించే జంట వరుసల్లోకి వెళ్లిపోతాను. అన్ని రోజులూ ఇలా జరుగుతుందని చెప్పను. జరగని రోజుల్లో ఆ ఒక్క వరుస వాయించి వంటింట్లోకి వెళ్లిపోతాను. జరిగిన రోజులూ జరగని రోజులూ కలిసే చేయి తయారైంది.

ఇంట్లో వారి సహకారం గురించి చెప్పకపోతే ఈ అనుభవం అసంపూర్ణమవుతుంది. నియమాన్ని ఒక్కరి గుణంగా చెప్పుకోవడం మనకు అలవాటు కానీ, దానిని మోసేవారు ఎప్పుడూ ఒకరికంటే ఎక్కువే ఉంటారు. ఆ వేళకు పొయ్యి మీద కాఫీ డికాక్షన్ సంగతి మావారు చూసుకునేవారు. మా అత్తయ్యగారు పక్క గదిలో జపం చేసుకుంటూ వినేవారు. ఎప్పుడైనా ఆలస్యమైతే, "ఏమ్మా, ఇవాళ శ్రుతి వినపడలేదు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నలో అధికారం లేదు, ఎదురుచూపు ఉంది. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు పొద్దుటి వేళ ఇంట్లో ఎన్ని పనులుంటాయో తెలిసి కూడా, క్రమశిక్షణ లేకపోవడం వల్లే వారు ఏమీ సాధించలేకపోతున్నారని తేల్చేవారు, ఆ కొద్ది నిమిషాలు వారికి ఎవరు ఖాళీ చేసి ఇస్తున్నారో కూడా అడగాలి.

అత్తయ్యగారికి ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో సాధన పూర్తిగా ఆగిపోయింది. దానికి నేను బాధపడలేదు, ఆ వేళ నేను ఉండవలసిన చోటు ఆసుపత్రే. ఆమె ఇంటికి వచ్చి కుదుటపడిన తరువాత, మునుపు ఆపిన అలంకారాల, అంటే తాళాలకు తగ్గట్టు స్వరాలను కూర్చిన పాఠాల, దగ్గర నుంచి కాకుండా ఖాళీ తీగెల నుంచి, ఒక్క సరళి వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టమన్నారు గురువు గారు. కోల్పోయిన రోజులను ఒకేసారి కలుపుకుందామని గంటల తరబడి కూర్చోవద్దని గట్టిగా చెప్పారు. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడంలో చెప్పుకోదగిన తేడా రాదని లాలీ బృందం కూడా గమనించింది. నాకైతే ఎక్కువ రోజులే తప్పాయి. అయినా తిరిగి రావడానికి అనువైన అతి చిన్న మెట్టు ముందే నిర్ణయమై ఉండడం వల్ల, ఎలా మొదలుపెట్టాలన్న సందేహంతో మరికొన్ని వారాలు గడిచిపోలేదు.

నియమానికి ఉన్న పరిమితి కూడా ఫిడేలే చూపించింది. సప్తతాళ అలంకారాలు పూర్తయి, మలహరి రాగంలోని చిన్న పాటలైన గీతాలు దాటి, మోహన రాగ వర్ణంలోకి వచ్చిన కాలమది. వేళ తప్పడం లేదు, పాఠం ఆగడం లేదు. కానీ చేయి వాయిస్తూ ఉంటే మనసు ఆ రోజు శాఖలో తేలవలసిన రుణాల కాగితాల మీదకు వెళ్లేది. ఒక రోజు పాఠం అప్పజెబుతుండగా గురువు గారు కళ్లు మూసుకుని కాసేపు విని, తాళం ఆపేసి, "స్వరాలన్నీ ఉన్నాయమ్మా, మోహన లేదు" అన్నారు. ఆ వారమంతా వర్ణం ముట్టుకోవద్దన్నారు. పొద్దున ఖాళీ తీగెలు, ఒక సరళి వరుస మాత్రమే. సాయంత్రం ఫిడేలు తీయకుండా, మోహన విని రమ్మన్నారు. నాదస్వరం మీద, గాత్రంలో, వీణ మీద, ఫిడేలు మీద విన్నాను. విజయనగరం దారిలో బస్సులో వెళుతూ విన్నాను. మోహనలో గాంధారం మీద నిలిచినప్పుడు కలిగే తేట, ధైవతం మీద నుంచి పంచమానికి వాలేటప్పుడు కలిగే నెమ్మది, స్వరాలు చదివితే తెలిసేవి కావు. ఆ వారం చివర్లో వర్ణం వాయించాలన్న కోరిక తిరిగి కచేరీ రాత్రిలో ఉన్నంత బలంగా కలిగింది.

అప్పటి నుంచి ఉత్సాహం దానంతట అది వచ్చేదాకా ఆగడం మానేశాను. దానికి కూడా ఒక వేళ కేటాయించాను. శనివారం సాయంత్రం వినడానికే. ఊళ్లో కచేరీ ఉంటే వెళతాను, లేకపోతే ఇంట్లో వింటాను. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన జరిగే చోట, పెద్దల వెనుక వరుసలో కూర్చుని, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల ఘనరాగ పంచరత్నాలు అందరూ కలిసి పాడుతుంటే వింటాను. అంతమంది గొంతులు ఒక్క శ్రుతి మీద నిలిచినప్పుడు కలిగే ఉత్తేజం నాకు కొన్ని నెలల పాటు సరిపోతుంది. ఆ ఉత్తేజాన్ని పట్టుకుని మరునాడు రెండు గంటలు కూర్చోవడం మాత్రం ఇప్పుడు చేయను. మామూలు వేళకు, మామూలుగానే కూర్చుంటాను. ఎక్కువగా వినడం వల్ల సాధన సమయం పెరగలేదు, సాధనలో నా చెవి పెరిగింది.

వర్ణాన్ని గురువు గారు ఆవర్తం చొప్పున, అంటే తాళం ఒక చుట్టు చొప్పున, నేర్పారు. ఒక ఆవర్తం స్థిరపడేదాకా రెండవది ఇవ్వలేదు. మొదటి కాలం వచ్చాక, తాళం వేగం మార్చకుండా అదే స్వరాలను రెట్టింపు వేగంతో వాయించే రెండవ కాలం దగ్గర చాలాకాలం ఆగిపోయాను. కుడి చేయి కమానును ఎక్కడ తిప్పాలో తేలకముందే ఎడమ చేతి వేళ్లు ముందుకు పోయేవి. అక్కడ ఉత్సాహం ఏమీ చేయలేకపోయింది. తొందర పెట్టి ఇంకా చెడగొట్టేది. వర్ణం రెండో సగంలోని స్వర భాగాలైన చిట్టస్వరాల్లో ఒకే ఒక చిన్న ముక్కను తీసుకుని, సగం వేగంలో, ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటూ, కమాను తిరిగే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోవడం తప్ప మరో దారి లేకపోయింది. ఈ పని పొద్దుటి వేళ ఎలాగూ కేటాయించి ఉన్నందువల్ల జరిగింది.

ఒక దేవీ నవరాత్రుల్లో గురువు గారింట్లో బొమ్మల కొలువు ముందు ఆయన శిష్యులందరం తలొక అంశం వాయించాం. నా వంతు వచ్చినప్పుడు మోహన వర్ణం రెండు కాలాల్లోనూ వాయించాను. రెండవ కాలంలో, వర్ణం మొదటి సగం చివర వచ్చే ముక్తాయి స్వరంలో ఒక చోట తడబడినా తాళం తప్పలేదు. గురువు గారు తల ఊపారు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లకు శనగలు పంచడం అయ్యాక, భైరవి రాగంలో అట తాళ వర్ణం స్వరాలు రాసుకొమ్మని కాగితం ఇచ్చారు. ఆది తాళానికి ఆవర్తానికి ఎనిమిది అక్షరాలైతే, దీనికి పద్నాలుగు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి దాని మీద నాకు ఏ ఉత్సాహమూ కలగలేదు. మోహన తేటదనానికి అలవాటు పడిన చెవికి భైరవి బరువుగా తోచింది. మరునాడు దీపం పెట్టాక కాగితం ముందు పెట్టుకుని తాళం వేసి చూసుకున్నాను. మొదటి ఆవర్తం వేళ్లలోకి రావడానికి కొన్ని వారాలు పట్టింది. అందులోని నిషాదం ఎక్కడ నిలవాలో చెవికి తెలిసిన తరువాత, శనివారాలు భైరవి ఎక్కడ దొరికితే అక్కడ వెతుక్కుని వినడం మొదలుపెట్టాను.